ఒక పైకామా, ఒక ఎస్

రిపోర్టు మూడోసారి వెనక్కి వచ్చింది.

కామాక్క తెరిచి చూసింది. ఐదో వరుసలో జబ్బు పేరు చుట్టూ ఎర్రగీత. పక్కన అదే వ్యాఖ్య: ‘పైకామా, ఎస్ తీసెయ్యాలి. రూలు పన్నెండు.’

తీసెయ్యలేదు. ఉన్నదున్నట్టు మళ్ళీ పంపించేసింది.

ఆస్పత్రుల్లో డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని విని, ఇంగ్లీషులో రిపోర్టులుగా టైపు చేసే ఆఫీసది. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు, అందరి కాళ్ళ కిందా రికార్డింగు నడిపే పెడళ్ళు. కామాక్క అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ కామాల దగ్గర మొట్టికాయలు వేసి, పంతొమ్మిదేళ్ళలో ఆ పేరు సంపాదించుకుంది.

రూలు పన్నెండు రాసింది కూడా తనే. కొన్ని జబ్బులకి, వాటిని మొదట గుర్తుపట్టిన డాక్టర్ల పేర్లే ఉంటాయి. పూర్వం ఆ పేరు చివర పైన వేలాడే కామా ఒకటి, ఎస్ ఒకటి తగిలించేవాళ్ళు. మనం ఫలానా ‘గారి’ జబ్బు అన్నట్టు. కామాక్కకి అది చూస్తే ఒళ్ళు మండేది. “గుర్తుపట్టినంత మాత్రాన ఆయనదైపోతుందా? ఆయనేమైనా మంచం పట్టాడా?” అని రెండేళ్ళు పోట్లాడింది. పెద్ద పెద్ద డాక్టర్లకి ఉత్తరాలు రాసింది. చివరికి ఆఫీసు మొత్తంలో ఆ ‘గారి’ని పీకి పారేయించింది.

అలాంటి మనిషి ఇప్పుడు ఒక్క రిపోర్టులో దాన్ని పెట్టి, తీయనని భీష్మించుకు కూర్చుంది.

మధ్యాహ్నానికి, రిపోర్టుల్లో తప్పులు పట్టే ఆడిటర్ స్వయంగా దిగివచ్చింది. ఆరేళ్ళ కిందట కామాక్క చేతికింద పని నేర్చుకున్న అమ్మాయే.

“అక్కా, ఆ నాలుగు వందల పదిహేడు ఉంది చూడు...”

ఆడిటర్లకి రోగుల పేర్లు చూపించరు. వాళ్ళకి అందరూ నంబర్లే.

“చూశాను.”

“చూసి మళ్ళీ అలాగే పంపితే ఎలాగక్కా? డాక్టరు ఎస్ పలికాడనా? వాళ్ళు పలికినా మనం తీసెయ్యాలని నువ్వేగా నేర్పావు!”

“నేర్పాను. బాగానే నేర్చుకున్నావు.”

“మరి?”

“ఇది మాత్రం ఉంటుంది.”

ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. “ఆ జబ్బు కనిపెట్టినాయన ఇంకా ఉన్నాడటక్కా. పెద్దాయన. ఇది చూస్తే ఏమనుకుంటాడు?”

“ఏమీ అనుకోడు.”

“మూడో తప్పు కింద రాయాల్సొస్తుంది. మూడైతే మేనేజరు దగ్గరికెళ్తుంది. నా చేతుల్లో ఉండదు.”

“రాయి. కాస్త పెద్ద అక్షరాలతో రాయి, ఆయనకి చత్వారం.”

ఆ అమ్మాయి నవ్వలేదు. లేచి వెళ్ళిపోయింది.

కామాక్క పెడల్ నొక్కి రికార్డింగు మళ్ళీ విన్నది. చెబుతున్న డాక్టరు గడగడా చెప్పుకుపోతూ జబ్బు పేరు దగ్గర ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఎస్‌ని ఒత్తి మరీ పలికాడు.

సాయంత్రం ఇంట్లో భర్త సంగతంతా విని ఇస్త్రీ ఆపాడు.

“ఒక్క అక్షరం కోసం పంతొమ్మిదేళ్ళ కుర్చీ వదులుకుంటావా?”

“ఒక్క అక్షరమేగా, వాళ్ళనే వదులుకోమనండి.”

“పోనీ, ఎందుకో నాకైనా చెప్పు.”

“మీకు అసలే చెప్పకూడదు.”

“కట్టుకున్నవాణ్ణి, నాకు చెప్పకూడనిదేమిటి?” అంటూ ఆయన అటు తిరిగాడు. ఈలోగా చొక్కా కాలరు కాస్తా మాడింది.

మర్నాడు పదింటికి మేనేజరు పిలిచాడు. ఆయన ముందు ఆడిటర్ పంపిన కాగితం ఉంది.

“రూలు రాసింది మీరు. మీరే తప్పితే ఎలాగమ్మా?”

“తప్పలేదండీ. రూలు ప్రకారమే పెట్టాను.”

“రూలు ప్రకారం పెట్టకూడదు కదా!”

“మళ్ళీ చదవండి.”

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు. “జబ్బు దాన్ని గుర్తించిన డాక్టరుది కాదు, దాన్ని అనుభవించే మనిషిది.” తలెత్తాడు. “అదేగా నేనూ అంటున్నది?”

“నేనూ అదే అంటున్నాను.”

ఆయన పెన్ను బల్లమీద పడేశాడు. “మీమీద గౌరవం కొద్దీ అడుగుతున్నాను. కారణం చెప్పండి, ఇక్కడితో వదిలేస్తాను.”

కామాక్క తల అడ్డంగా ఊపింది.

“చెప్పకూడదండీ.”

“చెప్పకూడదా, చెప్పరా?”

“చెప్పకూడదు. చెప్పను కూడా.”

“అయితే ఆ ఎస్ తీసెయ్యండి. లేదంటే సీనియర్ కుర్చీ ఖాళీ చెయ్యండి.”

కామాక్క లేచింది. బయటికొచ్చి తన హెడ్‌ఫోన్లు, పెడల్, నీళ్ళ సీసా తీసుకుంది. హాలంతా టైపింగ్ ఆగిపోయింది. ఆడిటర్ అమ్మాయి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. “అక్కా, నీకు దణ్ణం పెడతాను, తీసెయ్యవే!” కామాక్క ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. కొత్తవాళ్ళు కూర్చునే వెనక వరుసకి తలెత్తుకునే నడిచింది.

పదకొండింటికల్లా రిపోర్టు ఆస్పత్రికి చేరాలి. ఇంకొకరు మొదటినుంచీ విని టైపు చేసే వ్యవధి లేదు. మేనేజరు అద్దాల గదిలోంచి చూసి, విసుగ్గా చెయ్యి ఊపాడు, పంపి చావమన్నట్టు.

పంపేముందు కామాక్క ఒక్కసారి రిపోర్టంతా చదువుకుంది.

మొదటి వరుసలో ఉన్న రోగి పేరూ, ఐదో వరుసలో ఉన్న జబ్బు పేరూ ఒకటే.