ప్యానెల్ మీద బొట్టు

"ఈ పని ఎవరు చేశారు?"

ఇంజినీరు ఉమామహేశ్ ఫోను ఎత్తి చూపించాడు. ఫొటోలో డోన్ దగ్గరి సోలార్ ప్లాంటు. కొత్తగా బిగించిన అరవై ప్యానెళ్లు. ఒక్కోదాని నట్టనడుమ ఒక్కో కుంకుమ బొట్టు. నీళ్లతో తడిపి పెట్టినవేమో, ఎండకు గట్టిగా అంటుకుపోయాయి.

ఎదురుగా పన్నెండు మంది ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. తలకు హెల్మెట్లు, వాటి కింద ఎండకు కళ్ల దాకా చుట్టుకున్న తువ్వాళ్లు. నిన్నమొన్నటి దాకా నాపరాళ్ల గనుల్లో బరువులు మోసినవాళ్లు, మిరపకాయల కోతకు గుంటూరు వలస పోయినవాళ్లు. నలభై రోజుల శిక్షణ ఆరోజుతో ముగిసింది. ఉద్యోగం కాగితాలు ఇంజినీరు బల్ల మీదే ఉన్నాయి. సంతకం పడడమే తరువాయి.

"బొట్టు కింద నీడ పడుతుంది. నీడ పడ్డచోట వేడెక్కి ప్యానెల్ కాలిపోతుంది. చేసింది ఎవరో చెప్తే ఆమె ఒక్కతే పోతుంది. చెప్పకపోతే పన్నెండు మందీ ఇంటికే!"

వరుస చివర్లో శివలీల వెక్కుతోంది. ఏడుపొస్తే ఆపుకోలేని పిల్ల అది.

ప్రసన్నకుమారి ముందుకు వచ్చింది.

"నేనే పెట్టినా సార్."

"బుద్ధుందా నీకు? నలభై రోజులు ఏం నేర్చుకున్నావు?"

"శానా నేర్చుకున్యా. వైరు యాడ కలపల్ల, బోల్టు ఎంత బిగించల్ల, అన్నీ చెప్పినారు. బొట్టు పెట్టగూడదని ఒక్కరన్నా చెప్పినారా? మా ఊర్లో కొత్త మోటరుకైనా, కొత్త సైకిలుకైనా బొట్టు పెట్టకుండా ఎవురూ చెయ్యి ఎయ్యరు. ఈ ప్లాంటు గేటు తెరిసిన దినం గుమ్మడికాయ కొట్టింది ఎవురు? ట్రాన్స్‌ఫార్మరుకు కుంకుమ పూసింది ఎవురు? మీరు పెడితే పూజ, మేం పెడితే తప్పా?"

ఉమామహేశ్ ముఖం కందిపోయింది. గుమ్మడికాయ కొట్టింది ఆయనే మరి!

"నోరు ఎక్కువైంది నీకు. నీ పేరు కొట్టేస్తున్నా."

"కొట్టేసుకోండి. మళ్లా మిరపకాయల కోతకు పోతా. నాకేం భయం? కానీ అన్న మాట మీద నిలబడండి సార్. మిగతా పదకొండు మందికి ఇప్పుడే, నా కండ్ల ముందరే సంతకం పెట్టండి. అంతవరకూ ఈడ నుంచి కదిలేది లేదు."

"అక్కా, వద్దక్కా..." శివలీల ముందుకు రాబోయింది.

"నువ్వు నోరు మూసుకోని నిలబడు!" ప్రసన్నకుమారి గదిమింది.

ఉమామహేశ్ పెన్ను తీశాడు. ఒక్కో కాగితం మీద సంతకం చేస్తుంటే ఆమె చేతులు కట్టుకుని, బల్ల పక్కనే నిలబడి చూసింది. శివలీల కాగితం మీద సిరా సరిగా పడలేదని మళ్లీ పెట్టించింది. ఎంత పొగరో చూడండి! ఆయన పళ్లు కొరుక్కుంటూనే పెట్టాడు.

ఎవరి కాగితం వాళ్ల చేతిలో పడ్డాక ప్రసన్నకుమారి బయటికి నడిచింది. గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి హెల్మెట్ ఇచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సు రోడ్డెక్కింది.

ముత్తాతల కాలం నుంచీ చర్చికి పోయే ఇంట్లో పుట్టిన ఆ మనిషి, ప్యానెల్‌కు కాదు కదా, తన నుదుటికి కూడా ఏనాడూ బొట్టు పెట్టి ఎరగదు.