రెండు గ్రహాల సంధి

గ్రహాంతర రాజు ముందు మోకరిల్లేది లేదని భూలోక కమాండర్ భీష్మించుకున్నాడు.

లైట్లు వేసేశారు, పొగ వదిలేశారు. సాయంత్రం ఆరులోపు ఆ సీను పూర్తికాకపోతే ఈ వారం ఎపిసోడ్ వెళ్లదు. ఒక్క వారం తప్పినా సీరియలే ఎత్తేస్తామని చానెల్ మేనేజర్ ముందే చెప్పి ఉన్నాడు. దర్శకుడికి తల ప్రాణం తోకకొచ్చింది. నిజానికి ఆ సెట్లో తోక ఉన్నది రాజుగారొక్కడికే.

రచయితను పిలిపించారు.

రచయిత చంకలో ఫైలుతో దిగాడు. పైకి విసుక్కున్నా లోపల సంబరంగానే ఉంది. రెండు గ్రహాల తలరాత తన కలంలో ఉందని ఆయన నమ్మకం. ఒక వారం మనుషుల చెయ్యి పైన, మరో వారం గ్రహాంతరవాసుల చెయ్యి పైన, తక్కెడ ముల్లు మధ్యలో నిలబడకూడదు అనేది ఆయన సిద్ధాంతం. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి ఉన్నాడు.

కమాండర్ మాత్రం వినే స్థితిలో లేడు. నలభై వారాల్లో పదకొండుసార్లు మోకరిల్లానని లెక్క చెప్పాడు. నిన్న కూతుర్ని దింపడానికి వెళితే బడి గేటు దగ్గర పిల్లలంతా తనను చూసి మోకాళ్ల మీద కూలబడి నవ్వారట. అప్పట్నుంచి ఆ పిల్ల నాన్నతో మాట్లాడటం లేదట.

"నన్ను చంపేయండి, పర్లేదు. మోకాళ్ల మీద మాత్రం కూర్చోబెట్టకండి" అన్నాడు.

ఇంత మంచి డైలాగు నలభై వారాల్లో తానొక్కటీ రాయలేదే అని రచయితకు చివుక్కుమంది. మేకప్ గదిలో కూర్చుని పది నిమిషాల్లో సీను తిరగేశాడు. ఈసారి రాజే మోకరిల్లుతాడు. ఆ కాగితం పట్టుకుని రాజు దగ్గరికి నడిచాడు.

రాజు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పాతిక కిలోల రబ్బరు తొడుగు, వెనకాల బారెడు తోక. ముసుగు కంతల్లోంచి కాగితం మెల్లగా చదువుకుని, "అలాగేనండీ" అన్నాడు. అంతే.

పక్కనే తొడుగుకు చిరుగులు కుడుతున్న దర్జీ ఆవిడ తలెత్తింది. ఆయన మోకాలికి ఆపరేషన్ అయి మూడు నెలలే అయిందని, ఈ బరువుతో కిందికి దిగితే లేపడానికి ఇద్దరు కావాలని చెప్పింది.

"మరి కాదనొచ్చుగా?" అన్నాడు రచయిత.

రాజు ముసుగు తీశాడు. నెరిసిన జుట్టు, చెంపల మీద రబ్బరు అచ్చులు. "కాదంటే దీంట్లో ఇంకొకర్ని దూరుస్తారు బాబూ. చూసేవాళ్లకి తేడా తెలీదు."

ఎలా రాశారో కనుక్కుందామని వెనకే వచ్చిన కమాండర్ అక్కడే ఆగిపోయాడు. నలభై వారాలుగా తాను ఎవరికి మోకరిల్లుతున్నాడో ఆ ముఖాన్ని ఆయన చూడటం ఇదే మొదటిసారి. తర్వాత రచయిత చేతిలోని కాగితం మెల్లగా లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈయన్ని కూడా మోకాళ్ల మీద కూర్చోబెట్టొద్దులెండి" అన్నాడు.

ఎవరూ మోకరిల్లకపోతే సీనులో ఏముంటుందని దర్శకుడు అడిగాడు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది. అప్పుడు వెలిగింది రచయితకు. ఓడటమూ లేదు, గెలవటమూ లేదు. రెండు జాతులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటాయి. సంధి. ముల్లు మధ్యలో నిలబడితే నిలబడనీ.

పక్క ఫ్లోర్‌లో నడుస్తున్న కుటుంబ సీరియల్ సెట్ నుంచి రెండు కుర్చీలు మోసుకొచ్చారు. కుర్చీ వీపు కింద సందు ఉండటంతో రాజుగారి తోక సాఫీగా వెనక్కి జారింది. రచయిత నిలబడే రాసి, ఒక్కో కాగితమూ అందించాడు. "నీ ఆకాశం నీది, నా నేల నాది. భయం మాత్రం ఇద్దరిదీ" అని కమాండర్ అంటే, రాజు వెనక్కి వాలి పొడవుగా ఊపిరి వదిలాడు. అది స్క్రిప్టులో లేదు. పొద్దుట్నుంచీ నిలబడ్డ మనిషి ఊపిరి అది. దర్శకుడు దాన్ని అలాగే ఉంచేశాడు. ఆరుకు పది నిమిషాల ముందు పని పూర్తయింది. తొడుగు విప్పడానికి కమాండరే సాయం పట్టాడు.

ఆదివారం ఎపిసోడ్ వచ్చింది. రెండు గ్రహాలను ఏలే రచయితకు ఇంట్లో రిమోట్ అందదు. అది అత్తగారి ఒడిలో ఉంటుంది. అరగంట మాత్రమే అనే షరతు మీద ఆవిడ చానెల్ మార్చింది. సంధి సీను వచ్చేసరికి కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది. అయిపోయాక, "బావుంది బాబూ" అంది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అల్లుడి రాతను ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు. రచయిత ఆ పూట సరిగ్గా అన్నం తినలేకపోయాడు. మనసులో పదేపదే సన్మానాలు జరిగిపోతున్నాయి. బలాబలాల గురించి ప్రపంచానికి తానొక కొత్త మాట చెప్పాడు. ప్రపంచం విన్నది.

తెల్లారి ఎనిమిదింటికి చానెల్ మేనేజర్ ఫోన్ చేశాడు. గొంతులో ఎన్నడూ లేని మర్యాద.

"సార్, రాత్రి నుంచి ఫోన్లు ఆగట్లేదు. ఇప్పటికి నాలుగొందలు దాటాయి. అందరూ ఆ సంధి సీను గురించే."

రచయిత గొంతు సవరించుకుని, వీలైనంత వినయంగా అడిగాడు. "జనం ఎవరి పక్షాన ఉన్నారండీ? మన పక్షమా, వాళ్ల పక్షమా?"

"పక్షాల సంగతి ఎవరూ ఎత్తలేదండీ. ఆ కుర్చీలు ఏ కొట్లో దొరుకుతాయని అడుగుతున్నారు."