ముత్తాతగారి పెళ్ళి

గ్లెన్‌ఫారిక్ కోట నుంచి యూఫీమియా దొరసానిని సాగనంపడానికి టార్క్విల్‌కు ఒక్క పెళ్ళి రుజువైతే చాలు. అది తన ముత్తాతది.

ఆయన వంశంలో పెద్దకొడుకు. పాలు పితికే పిల్లను చేసుకున్నాడు. అది పెళ్ళే కాదని బంధువులు తేల్చారు. ప్రభువు బిరుదూ, కోటా తమ్ముడి సంతతికి, చివరకు దొరసానికి, దక్కాయి.

వచ్చిన గంటలోనే టార్క్విల్ గోడల మీది స్త్రీల చిత్రపటాలన్నీ దింపించాలని నిశ్చయించాడు. అతని లెక్కలో వంశమంటే మగవాళ్ళ వరస. కని ఇవ్వడం వరకే ఆడవాళ్ళ వంతు.

"చర్చి లేదు, పాస్టరు లేడు. అదేం పెళ్ళి నాయనా?" అంది దొరసాని, టీ పోస్తూ.

"మన స్కాట్లండులో అవేవీ అక్కర్లేదు అత్తయ్యా. ఇద్దరు సాక్షుల ముందు మనం భార్యాభర్తలమని ఒకరితో ఒకరు చెప్పుకుంటే చాలు. మీ లాయరుగారినే అడగండి."

లాయరు ఇన్నెస్ బిస్కెట్టు నములుతూ తలాడించాడు.

"తాగి, వేళాకోళానికి అన్నాడేమో!"

"వేళాకోళమైనా సరే. సాక్షులు విన్నాక మాట మాటే. పరువున్నవాడు వెనక్కి తీసుకోడు."

"ఏమో, నా ముసలి బుర్రకెక్కడం లేదు. ఏమనుకున్నారో, ఎలా అనుకున్నారో ఒక్కసారి చూపించు."

దొరసాని గంట మోగించింది. పెళ్ళి ఊసే లేకుండా యాభై దాటిన వంటమనిషి గ్రిజెల్, చేతులకంటిన పిండితోనే వచ్చింది.

టార్క్విల్ హుషారుగా ఆమె చెయ్యి అందుకున్నాడు. "ఇదిగో, ఇలా! గ్రిజెల్, నువ్వు నా భార్యవి. ఊఁ, నువ్వూ అను."

"మీరు నా భర్త," అంది గ్రిజెల్ బుద్ధిగా.

"అంతే! విన్నారుగా ఇద్దరూ? దేశంలో ఇంతకన్నా గట్టి పెళ్ళి లేదు."

"స్పష్టంగా విన్నాం," అన్నాడు లాయరు.

దొరసాని లేచి తాళాల గుత్తి బల్లమీద పెట్టింది.

"ఒప్పుకున్నాను నాయనా. మీ ముత్తాతది పెళ్ళే. ప్రభువువి నువ్వే."

టార్క్విల్ ఛాతీ ఉప్పొంగింది. పెద్ద కుర్చీలో జారగిలబడి, వెంటనే వంట మొదలుపెట్టమని గ్రిజెల్‌ను ఆజ్ఞాపించాడు.

గ్రిజెల్ ఏప్రన్ విప్పి కుర్చీకి తగిలించి, తాళాల గుత్తి నడుముకు దోపుకుంటూ అంది: "ఏమండీ, ప్రభువుగారి భార్యనై ఉండి ఇంకా నేనే వండితే మీ పరువేం కాను?"