గోడ మీద జానెడు ఖాళీ

కనక ఈ రోజు కూడా పుల్ల పట్టనంది.

ఎర్రమట్టి పూసిన గోడ నిండిపోయింది. బియ్యప్పిండి కలిపి, వెదురు పుల్లతో గీసిన తెల్లటి మనుషులు. వాళ్ల నెత్తిన ఏటవాలు గీతలుగా వాన. ఓ మూల పళ్లు బయటపెట్టిన సూర్యుడు. మధ్యలో జానెడు ఖాళీ. అది కనక కూతురు నీలవేణి కోసం ఊరివాళ్లు వదిలిన చోటు.

హారిక విశాఖపట్నం నుంచి అరకు కొండెక్కి వచ్చిన చిత్రకారిణి. మారిపోతున్న వానల మీద గిరిజనులతో కలిసి బొమ్మ వెయ్యాలి, డిజిటల్ కెమెరాతో ఫొటోలు తీసి పట్నంలో ప్రదర్శన పెట్టాలి. మొన్నటి వాన గురించి గియ్యండి అంటే, మేమూ అదే అనుకుంటున్నాం అన్నారు. ఆమె పొంగిపోయింది. వానకి పోయిన చోడి పంట చేల గురించి అడిగింది. వాళ్లు చేల గురించే చెప్పారు.

ఇక మిగిలింది ఆ ఖాళీ. అది నిండితే తప్ప బొమ్మ పూర్తికాదని పెద్దాయన సోంబరు ఖండితంగా చెప్పాడు. కనకేమో తెల్లారితే కింద పారే గెడ్డ వెంట దిగిపోతుంది, పొద్దుగూకి వస్తుంది. కూతురేదని హారిక అడిగితే వచ్చేస్తాదంటుంది. హాస్టల్లో ఉంది కాబోలనుకుంది హారిక.

"ఎన్నాల్లాగమంటావు, కనకా? నీ గుంటకి, ఆ నీలవేణికి కూడా చోటియ్యి," అన్నాడు సోంబరు.

"నా గుంటని గియ్యను."

హారికకి ఒళ్లు మండింది. ఆడపిల్లల గురించి సభల్లో ఉపన్యాసాలిచ్చిన మనిషి. కన్నతల్లే ఇలాగైతే ఎలా అని నిలదీసింది. ఇంతమంది మనుషులున్న గోడకి ఆ ఒక్క పిల్లే బరువైందా అని అడిగింది.

కనక ఆమెను ఎగాదిగా చూసింది. "నీకు పిల్లలున్నారేటి?"

లేరంది హారిక.

"మరి ఊరుకో."

మర్నాడు కనక గెడ్డకి దిగగానే హారికే పుల్ల తీసుకుంది. ఆ ఖాళీలో పిల్లని నిలబెట్టింది. రెండు జడలు గీసింది. గౌను తొడిగింది. పాపం, తడవకుండా నెత్తిన ఆకుల గిడుగు పెట్టింది. చుట్టూ ఆడవాళ్లు గెడ్డ వైపు చూశారు. సోంబరు చూస్తూ నిలబడ్డాడు గానీ వద్దనలేదు.

సాయంత్రం కనక వచ్చింది. గోడ చూసింది. గోడ ముందు కూర్చుని, ఆ తెల్లటి గౌను మీద చెయ్యి ఆనించింది.

తల్లి మనసు కరిగిందనుకుంది హారిక. కెమెరా ఎత్తింది.

సోంబరు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"సచ్చినోల్లనే ఈ గోడ మీద గీస్తామమ్మా, కొట్టుకుపోయిన గుంట బతికే ఉంటాదని ఇయ్యాల్టిదాకా అది గెడ్డంతా ఎతికింది."