మలుపు దగ్గర ఆగే బూట్లు

పెళ్లయిన నెలకి హిమజ ఒకటి కనిపెట్టింది. కొండదారిలో పరుగెత్తేటప్పుడు విక్రాంత్ బూట్లు ఒక మలుపు దగ్గర వాటంతటవే నెమ్మదిస్తున్నాయి. ఈ కాలపు బూట్లు తొడిగినవాళ్ల అలవాట్లు మరిచిపోవు కదా.

"ఎవరి కోసమేంటి ఈ ఆగడం?" అని నిలదీసింది.

"పెళ్లికి ముందు మంజరి అనే అమ్మాయి నాతో పరుగుకొచ్చేది. ఇక్కడ వెనకబడేది."

సాయంత్రానికల్లా హిమజ అతన్ని కొత్త జత కొనడానికి బూట్ల కొట్టుకి లాక్కెళ్లింది.

"పాత జత జ్ఞాపకం ఇందులోకి ఎక్కించీమంటారా సార్? లేదంటే కాలికి కుదురుకునేదాకా బొబ్బలే," అన్నాడు కొట్టతను.

విక్రాంత్ పెళ్లాం మొహం చూశాడు. "వద్దులెండి."

బొబ్బలు లేచాయి. రోజూ ఆ మలుపు దాటించి మరీ అతన్ని ఒక బండమీద కూర్చోబెట్టి, మడమకి కొబ్బరినూనె రాసేది హిమజ.

మడమ మానిన రోజున ఇద్దరూ మలుపుని ఆగకుండా దాటేశారు. బండ రాగానే కొత్త బూట్లు వాటంతటవే నెమ్మదించాయి.

"ఎవరి కోసమేంటి ఈ ఆగడం?" అంది హిమజ, నవ్వు ఆపుకోలేక.