అందించిన మాట

“ఊకూకె ఆమెన్, ఆమెన్ అనకే అక్కా! నిజంగనే అమీను దిగుతడు,” అంది పక్కింటి యాకమ్మ గోడ మీది నుంచి.

సాలమ్మ ప్రార్థన ముగించి నవ్వేసింది. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఆ రోజుల్లో నిజాం పోలీసు అమీను పేరెత్తితే చంటిపిల్లలు కూడా గప్‌చుప్.

నవ్వయితే నవ్వింది గానీ, లోపల దడగానే ఉంది. సంఘంలో చేరి దొరల మీద తిరగబడ్డ కొడుకు సాంసన్ తెల్లవారుతూనే జ్వరంతో వచ్చి, వడ్లు అడుగంటిన గుమ్మిలో దాక్కున్నాడు. తనేమో బాప్తిస్మం నాడు అబద్ధమాడనని దేవునికి మాటిచ్చింది. పదేళ్ళుగా తప్పలేదు.

“వాళ్ళొచ్చి అడిగితే ఏం జెప్తవే అవ్వా?” అన్నాడు గుమ్మిలోంచి సాంసన్.

“అధికారుల ముంగట ఏం మాట్లాడాల్నో ఆ గడియకు తనే అందిస్తనన్నడు ప్రభువు. ఆయన మాట తప్పడు బిడ్డా. నువ్వు జర దగ్గకుండ కూసో.”

గంజి దించకముందే అమీను రానే వచ్చాడు. బుర్రమీసాలు, వెనక ఇద్దరు జవాన్లు. చేతికర్ర గడపకు ఆనించి అరుగు మీద చతికిలబడ్డాడు.

“నీ కొడుకు యాడ...” అనబోయాడు ఒక జవాను.

“నోర్ముయ్! సవాళ్ళు నేనడుగుత,” అని గద్దించి, అమీను సాలమ్మ వైపు తిరిగాడు. “సంఘంల ఉన్నవా?”

సాలమ్మకు మాట దానంతటదే వచ్చింది. “ఉన్న దొరా. బాప్తిస్మమైన కాడికెల్లి.”

“మీ పెద్ద ఎవరు?”

“బీదోళ్ళ కోసం పాణమిచ్చినాయన.”

“సచ్చిండా?”

“సచ్చిండు. మూడొద్దులకు లేచిండు.”

గుమ్మిలో సన్నగా దగ్గు. సాలమ్మ అదృష్టం, సరిగ్గా అప్పుడే అమీనుకూ పొలమారి ఇల్లదిరేలా దగ్గాడు. నీళ్ళు తాగి మళ్ళీ అందుకున్నాడు.

“మళ్ళొస్తడా?”

“వస్తనని మాటిచ్చిండు. ఏ గడియకో ఎవ్వలికెరుక లేదు.”

జవాన్లు పకపకా నవ్వారు. “సాబ్, గీమె చెప్పేది ఏసయ్య సంఘం!”

అమీను నెత్తి కొట్టుకున్నాడు. “పొద్దంత ఖరాబు జేసింది ముసల్ది!”

“ఇల్లు దేవులాడుదమా సాబ్?”

“ఎందుకు, ఏసయ్య అటుక మీద దొరుకుతడా? నడువుండ్రి!”

బూట్ల చప్పుడు దూరమైంది. సాలమ్మ ఉన్నచోటే మోకరించింది. సంతోషంతో గొంతు అదుపులో లేదు.

“తండ్రీ, ఒక్క అబద్ధమన్న ఆడనియ్యలే. మాటకు మాట అందించినవ్. గుమ్మిల నా కొడుకును కాపాడినవ్...”

గడప దగ్గర అలికిడి. కళ్ళు తెరిచింది. మరిచిన చేతికర్ర కోసం అమీను ఒక్కడే తిరిగొచ్చాడు. అంతా విన్నాడు.

సాలమ్మ ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

అమీను ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు.

“ఆమెన్,” అన్నాడు.