పాలిచ్చే గంట

మేడల మీదే దిగే విమానాలు వచ్చాక సింగపూరు నుంచి విశాఖకు ఇరవై నిమిషాలే పట్టేది. అందుకని సుహాసిని పనిచేసే సింగపూరు ఆఫీసు ప్రసూతి సెలవు ఎత్తేసి, పాలిచ్చే తల్లులకు రోజుకో గంట విరామం ఇచ్చింది. రాకపోకలన్నీ ఆ గంటలోనే.

"ముందు స్నానం చేసిరా. బయటి గాలితో పిల్లని ముట్టుకోకు," అంది సుహాసిని తల్లి, విశాఖలో ఇంటి గుమ్మంలోనే.

నీళ్లు పోసుకుని వచ్చేసరికి పాప నిద్రపోయింది.

"గుక్కపట్టి ఏడుస్తుంటే డబ్బాపాలు పట్టేశానే. ఏం చెయ్యను?"

"రేపట్నుంచి కొత్త విమానమమ్మా, పదిహేను నిమిషాలే. పోనూ రానూ పది నిమిషాలు కలిసొస్తాయి. అంతదాకా నా పాలు మరవనివ్వకు."

అంతలో ఆఫీసు నుంచి ఫోనుకు కబురొచ్చింది. ప్రయాణం తగ్గింది కనుక రేపటి నుంచి విరామం యాభై నిమిషాలే.

సుహాసిని రెండుసార్లు చదివి చెప్పులు తొడుక్కుంది.

"డబ్బాపాలే అలవాటు చెయ్యమ్మా," అంది.